గడ్డి కప్పిన గోష్ఠం

ఐర్లండు దేశపు పొలాలలో తిన్నగా సాగే నాగటిచాళ్ళు ఒక్కొక్కచోట ఉన్నట్లుండి పక్కకు తొలగి, ఎవరో పెద్దమనిషికి దారి ఇచ్చినట్లు చుట్టి పోతాయి. ఆ వంపు లోపల గుండ్రని మట్టికట్ట, కట్టమీద ముళ్ళచెట్లు, కట్ట వెలుపల సగం పూడిపోయిన అగడ్త కనిపిస్తాయి. ఆ జాగాను రైతు దున్నడు. అతని తండ్రి దున్నలేదు, తాత దున్నలేదు. చూడబోతే అది కోట కాదు, గుడి కాదు, రాజుల సమాధి కాదు. సుమారు 1300 సంవత్సరాల క్రిందట ఒక వ్యవసాయ కుటుంబం కాపురమున్న ఇంటికి ప్రహరీ అది.

ఇంగ్లీషు గ్రంథకర్తలు వీటికి ‘రింగ్ ఫోర్టు’లు, అనగా వలయ దుర్గాలు, అని పేరు పెట్టినారు. వస్తువు కంటె పేరు పెద్దది. ఐరిష్ భాషలో మట్టికట్ట గలవాటిని ‘రాత్’ అనీ ‘లిస్’ అనీ, రాతిగోడ గలవాటిని ‘కేషెల్’ అనీ ‘కేహర్’ అనీ అంటారు. ఆ దేశంలో ఈ మాటలతో మొదలయ్యే ఊళ్ళ పేర్లు కోకొల్లలు. డబ్లిన్ నగరంలోని రాత్‌మైన్స్, వాటర్‌ఫర్డ్ కౌంటీలోని లిస్మోర్ అటువంటివే. మాథ్యూ స్టౌట్ అనే పండితుడు 1997లో వీటిపై ఒక గ్రంథం ప్రకటిస్తూ, ఆ ద్వీపం మొత్తంమీద 45,000కు పైగా వలయాలను లెక్కించినాడు. వీటిలో అత్యధిక భాగం క్రీస్తుశకం 7వ శతాబ్దం మొదలు 9వ శతాబ్దం చివరివరకు గల కాలానివి. సాధారణంగా లోపలి జాగా అడ్డుకొలత 30 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కువ వాటికి ఒకే కట్ట, ఒకే అగడ్త. రెండు మూడు కట్టలు గలవి కొద్ది.

గోవే కొలమానం

ఆ కాలపు ఐర్లండులో స్వదేశీ నాణెం లేదు. డబ్లిన్‌లో స్థిరపడిన వైకింగులు మొదటిసారిగా వెండి నాణేలు ముద్రించినది 997 ప్రాంతంలో. అంతకుముందు సంపదకు కొలమానం ఆవు. ఆవును వారు ‘బో’ అంటారు. ఇది సంస్కృత ‘గో’ శబ్దానికి తోబుట్టువు. రెండూ ఒకే ప్రాచీన మూలం నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. స్వతంత్రుడైన కాపుకు ‘బోఆరె’ అని పేరు. రహదారిని నేటికీ ‘బోహర్’ అంటారు. ఆవులు నడిచే బాట అని దాని మొదటి అర్థం.

క్రీ. శ. 700 ప్రాంతంలో వ్రాయబడిన ‘క్రిత్ గబ్లాఖ్’ అనే ధర్మశాస్త్రం ఏ తరగతి మనిషికి ఎంత ఆస్తి ఉండవలెనో వివరంగా చెబుతుంది. చిన్నకాపుకు 7 ఆవులు. కాపులలో అగ్రగణ్యునికి 20 ఆవులు, 2 ఆబోతులు, 6 ఎడ్లు, 20 పందులు, 20 గొర్రెలు. 27 అడుగుల ఇల్లు, దానికి తోడు 17 అడుగుల చిన్న ఇల్లు. రాజు నివాసపు ఆవరణ 140 అడుగులు. ఆశ్రితులు వెట్టిగా పోసిన కట్టలు చుట్టూ ఉన్నప్పుడే రాజుకు రాజరికం అని ఆ శాస్త్రం అభిప్రాయం. ప్రతి మనిషి గౌరవానికీ ఒక ధర ఉన్నది. అవమానించినవాడు దానిని చెల్లించవలె. ఆ ధరకు వారి భాషలో పేరు ‘ముఖం వెల’.

అందుచేత ఆ మట్టికట్ట కేవలం తోడేళ్ళనూ దొంగలనూ ఆపడానికి పోసినది కాదు. పసులదొంగతనం ఆనాడు ఒక రాచక్రీడ వంటిది; రాత్రివేళ పాడిని కాచుకోవలసిన అవసరం నిజమే. కాని ఇంటి యజమాని ఎంతటివాడో బాటసారికి దూరంనుంచే తెలియజెప్పడం కూడ ఆ కట్ట పనియే. కొన్ని ఆవరణలలో నేల క్రింద రాతితో కట్టిన ఇరుకు సొరంగాలు కూడ ఉన్నవి. మనిషి పాకుతూ మాత్రమే పోగల సందులు వాటిలో పెట్టినారు. తిండి నిలవచేయడానికీ, బానిసలుగా పట్టుకుపోయే దండు వచ్చినప్పుడు ఆడవారూ పిల్లలూ దాగడానికీ అవి పనికివచ్చేవి. 20 ఆవుల కాపు గౌరవం ఎంతదైనా, అతని రాత్రులు నిశ్చింతగా గడవలేదని ఆ సొరంగాలు సాక్ష్యం చెబుతున్నవి.

భయం కాచిన కట్టలు

కాలక్రమాన ఆ ఇళ్ళు పాడుపడినవి. ఎవరు కట్టినారో జనం మరచిపోయినారు. మరచిపోయినచోట కథ మొలిచింది. ఆ వలయాలు మానవులవి కావనీ, లోపల ‘షీ’ జాతివారు, అనగా కంటికి కనిపించని దేవతాజనం, నివసిస్తారనీ నమ్మిక పుట్టింది. కట్టను తవ్వినవానికి చేయి పడిపోతుంది. ముళ్ళచెట్టు నరికినవాని పశువులు చస్తాయి. రాత్రివేళ లోపలినుండి సంగీతం వినిపిస్తుంది. ఇటువంటి కథలు ఊరూరా ఉన్నవి.

ఈ కథలను సేకరించిన చరిత్ర ఉపాధ్యాయులూ విద్యార్థులూ ప్రత్యేకంగా తెలిసికోదగినది. 1937 మొదలు 1939 వరకు ఐరిష్ జానపద సాహిత్య సంఘంవారు ప్రాథమిక పాఠశాలల సహాయంతో ఒక మహాప్రయత్నం చేసినారు. సుమారు 5,000 పాఠశాలలలో, 11 మొదలు 14 ఏండ్ల వయస్సుగల 50,000 మంది పిల్లలు తమ తాతలనూ అవ్వలనూ ఇరుగుపొరుగు ముసలివారినీ అడిగి, విన్నది విన్నట్లు నోటుపుస్తకాలలో వ్రాసినారు. ఆ వ్రాతప్రతులు లక్షల పుటలు. నేడు అవి అందరూ చదువుకొనడానికి వీలుగా భద్రపరచబడి ఉన్నవి. వాటిలో ‘దేవతల కోటల’ సంగతి మాటిమాటికీ వస్తుంది. ఏ రైతు పొలంలో వలయం ఉన్నది, ఎవరు దానిని కదిలించబోయి ఏమి అనుభవించినారు అన్న విషయాలు చిన్నారుల గుండ్రని చేవ్రాతలో చదువవచ్చు. ఆ తరువాత బుల్డోజరు క్రింద మాసిపోయిన కొన్ని వలయాలకు ఆ పిల్లల నోటుపుస్తకాలు కూడ సాక్ష్యాలు.

20వ శతాబ్దం ద్వితీయార్ధంలో భయం తగ్గింది, యంత్రం పెరిగింది. పొలాలు కలిపి పెద్దవి చేయడానికీ, రోడ్లు వేయడానికీ, ఇళ్ళు కట్టడానికీ ఎన్నో వలయాలను చదును చేసినారు. వెయ్యి సంవత్సరాలు ఆకుపచ్చని కట్టను కాపాడినది ఒక కథ. కథ బలహీనపడినప్పుడు దాని స్థానంలో మరొక కాపలాదారు కావలసివచ్చినాడు. పరీక్షా తవ్వకం అనే పద్ధతి అటువంటి కాపలాదారులలో ఒకటి.

తవ్వకానికి ముందు

పురావస్తు శాస్త్రజ్ఞుడు పొలంలో పార దింపడానికి ముందు చేయవలసిన పని చాలా ఉన్నది. ఐరిష్ రాజ్యంలో 1930లో జాతీయ స్మారక చిహ్నాల చట్టం వచ్చిన నాటినుండి, ప్రభుత్వం ఇచ్చే అనుమతిపత్రం లేకుండా పురావస్తువుల కోసం నేలను తవ్వరాదు. అనుమతి కోరేవాడు తాను ఏ ప్రశ్నకు సమాధానం వెదకబోతున్నాడో, ఎక్కడ, ఎంతమేర తవ్వుతాడో ముందుగా చెప్పవలె.

మొదట పాత పటాలు పరిశీలిస్తారు. 1830 ప్రాంతాలలో సర్వే అధికారులు ఐర్లండు మొత్తానికి మైలుకు 6 అంగుళాల ప్రమాణంలో తయారుచేసిన పటాలలో ఈ వలయాలు చిన్న చుట్లుగా గుర్తించబడినవి. తరువాత విమానంనుండి తీసిన ఛాయాచిత్రాలు. కట్టను చదును చేసినప్పటికీ అగడ్త పూర్తిగా చావదు. పూడిన అగడ్తలో మన్ను లోతుగా, తేమగా ఉంటుంది. ఎండకాలంలో మిగిలిన పైరు వాడిపోతున్నప్పుడు అగడ్తమీది పైరు మాత్రం పచ్చగా నిలిచి, పోయిన వలయాన్ని మళ్ళీ గీసి చూపుతుంది. ఆ పైన నేల అయస్కాంత గుణంలోని స్వల్పభేదాలను కొలిచే పరికరంతో పొలమంతా నడుస్తారు. నిప్పు తగిలిన మన్నూ, పూడిన గోతులూ ఆ కొలతలలో బయటపడతాయి.

ఇంత తెలిసిన తరువాత తవ్వడం ఎందుకు? గుండ్రంగా ఉన్నదంతా రాత్ కాదు గనుక. అది చరిత్రకు పూర్వపు సమాధి చుట్టూ తీసిన కందకం కావచ్చు; 12వ శతాబ్దంలో దిగిన నార్మన్ల కోట కావచ్చు; 18వ శతాబ్దపు జమీందారు అందానికి నాటించిన చెట్ల గుంపు కూడ కావచ్చు. పైనుంచి చూస్తే నాలుగూ ఒక్కలాగే ఉంటాయి. నిజం చెప్పగలిగినది నేల అడుగున ఉన్న మన్ను మాత్రమే.

అగడ్త చెప్పే కథ

పరీక్షా కందకం సన్ననిది. సాధారణంగా రెండు మీటర్లకు మించని వెడల్పు. యంత్రానికి పళ్ళు లేని చదును తొట్టి తగిలించి, శాస్త్రజ్ఞుడు పక్కనే నిలిచి చూస్తూండగా, పైమన్నును పొరలు పొరలుగా తీస్తారు. నాగలి తిరిగిన నల్లని పైమన్ను క్రింద పూర్వం హిమానీనదాలు వదలిపోయిన పసుపుపచ్చని బంకమన్ను కనిపించగానే యంత్రం ఆగుతుంది. ఆ పసుపు నేలమీద గోధుమరంగు పట్టీ అడ్డంగా పడి ఉంటే, అదే పూడిన అగడ్త. అక్కడనుండి పని మనుష్యుల చేతులది. తాపీ, చిన్న బ్రష్షు, కొలబద్ద, బొమ్మలు గీసే కాగితం, ఇవి పనిముట్లు.

అగడ్తను అడ్డంగా కోసినప్పుడు గోడమీద కనిపించే పొరలే అసలు గ్రంథం. అట్టడుగున సన్నని ఒండ్రు ఉంటుంది. తవ్విన మొదటి శీతకాలాలలో వానకు జారినది. దానిపైన కట్టనుండి విరిగిపడిన మన్ను. ఆ పైన నల్లని పొర. ఇంటి బూడిద, బొగ్గు, విరిగిన ఎముకలు అందులో కలిసి ఉంటాయి. కాపురం నడిచిన సంవత్సరాలవి. దానిపై గడ్డి పెరిగి కుళ్ళిన పొర. ఇల్లు పాడుపడిన శతాబ్దాలవి. అన్నిటికీ పైన ఒక్కసారిగా తోసిన కట్ట మన్ను. అందులో 19వ శతాబ్దపు పింగాణి పెంకు ఒకటి దొరికితే, కట్ట చదును అయినది ఆ తరువాతనే అని తేలుతుంది. ఆరడుగుల లోతులో వెయ్యేళ్ళు.

తెలుగునాట పాటిదిబ్బలో తట్టెడు మన్ను తీస్తే గుప్పెడు కుండపెంకులు దొరుకుతాయి. వాటిని చూచి కాలం చెప్పవచ్చు. ఐర్లండు శాస్త్రజ్ఞునికి ఆ సదుపాయం తక్కువ. ఈశాన్య మూలను విడిచిపెడితే ఆ కాలపు ఐర్లండువారు దాదాపుగా కుండలు చేయలేదు. కొయ్య గిన్నెలూ, తోలు సంచులూ వాడినారు. అవి నేలలో కుళ్ళిపోయినవి. సముద్రం దాటి వచ్చిన విదేశీ కుండపెంకు దొరకడం అదృష్టం. మామూలుగా దొరికేవి తుప్పుపట్టిన ఇనుప కత్తి, ఎముక దువ్వెన ముక్క, గాజు పూస, తిరగలి రాయి. పులుపు నేలలో ఎముకలు కూడ కరిగిపోతాయి. కాలిన తునకలు మాత్రమే మిగులుతాయి.

అందుచేత మన్నునే నీళ్ళలో కడుగుతారు. బొగ్గుగా మారిన ఓట్ల గింజలూ, బార్లీ గింజలూ పైకి తేలుతాయి. ఒక్క గింజ చాలు, కాలం చెప్పవచ్చు. 1949లో అమెరికాలో విల్లార్డ్ లిబ్బీ బృందంవారు కనుగొన్న రేడియోకార్బన్ పద్ధతి ప్రకారం, ప్రాణం పోయిన వస్తువులోని ఒక జాతి కర్బనం 5,730 సంవత్సరాలకు సగం అయ్యే లెక్కతో తరుగుతూ పోతుంది. ఓక్ దుంగ బొగ్గుకంటె గింజ మేలు. దుంగ తగులబడేనాటికే చెట్టు వయస్సు రెండు మూడు వందల ఏళ్ళు కావచ్చును, గింజ మాత్రం ఒకే పంటది.

ఎముకలు నిలిచినచోట అవి మరొక సంగతి చెబుతాయి. ఈ కాలపు అనేక నివాసాలలో పెద్దవయస్సు పశువుల ఎముకలు ఎక్కువగా ఆవులవి. కోడెదూడలను చిన్నతనంలోనే కోసుకున్నారు. అనగా పశువును పెంచినది ముఖ్యంగా పాలకోసం. ధర్మశాస్త్రంలో వ్రాసిన 20 ఆవుల లెక్క వట్టి కవిత్వం కాదని అగడ్త అడుగునుండి సాక్ష్యం దొరికినది. సంస్కృతంలో ‘గవేషణ’ అనే మాటకు మొదటి అర్థం ఆవులను వెదకడం. పరిశోధన అనే అర్థం తరువాత వచ్చింది. ఐర్లండు పొలంలో రెండర్థాలూ మళ్ళీ ఒకటైనవి.

648వ సంవత్సరపు ద్వారబంధం

పరీక్షతో ఆగక, సంపూర్ణంగా తవ్వితే ఏమి దొరకవచ్చునో తెలియడానికి ఒక ఉదాహరణ చాలును. ఉత్తర ఐర్లండులో ఆంట్రిం కౌంటీ గ్లెనార్మ్ లోయలో డీర్ పార్క్ ఫార్మ్స్ అనేచోట ఒక ఎత్తైన రాత్ ఉండేది. వ్యవసాయపు పనులవల్ల అది పోబోతున్నందున 1984 మొదలు 1987 వరకు క్రిస్ లిన్ నాయకత్వాన దానిని తవ్వినారు. తరతరాల కాపురస్థులు పాత ఇంటిపై మన్ను పోసి కొత్త ఇల్లు కట్టుకుంటూ వచ్చినందువల్ల ఆ రాత్ దిబ్బగా పెరిగినది. దిబ్బ అడుగుపొరలు నీటితో నానుతూ ఉండడంచేత గాలి సోకక, కొయ్య కుళ్ళలేదు.

హేజెల్ కొమ్మలతో బుట్ట అల్లినట్లు అల్లిన గుండ్రని ఇళ్ళ గోడలు అక్కడ పడినవి పడినట్లే దొరికినవి. రెండు అల్లికల గోడలు. చలి ఆపడానికి నడుమ గడ్డీ నాచూ వంటివి కూరినారు. పెద్ద ఇంటిని అంటుకొని చిన్న ఇల్లు, ఎనిమిది అంకె ఆకారంలో. ధర్మశాస్త్రం చెప్పిన ఇల్లూ తోడిల్లూ ఇవియే. నడుమ పొయ్యి, గోడవారను కొమ్మలు పరచిన పడకలు. ఓక్ ద్వారబంధం కొయ్యలోని వలయాలను బెల్‌ఫాస్టు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సిద్ధంచేసిన పట్టికతో పోల్చి చూడగా, ఆ చెట్టును నరికినది క్రీ. శ. 648లో అని తేలింది. చెప్పులు కుట్టేవాడు వాడే కొయ్యపాదం దొరికింది. పడకల మన్నులో పేలు, ఈగలు, గొర్రెల పిడుదుపురుగులు కూడ దొరికినవి. రాజుల చరిత్రలలో రాజులు గోక్కోరు. ఇక్కడ మాత్రం ఒక కుటుంబం నిద్రపోయిన తీరు కూడ తెలిసింది.

కాని ఆ విజయానికి ఒక మూల్యం ఉన్నది. తవ్వినంత మేర ఆ దిబ్బ నేడు లేదు. 2011లో వెలువడిన నివేదిక గ్రంథంలో మాత్రమే ఉన్నది. పురావస్తు శాస్త్రంలో తవ్వడం అంటే చదువుతూ చదువుతూ పుటను కాల్చివేయడం. రెండవసారి చదవడానికి అక్కడ ఏమీ మిగలదు.

ఆగడం తెలిసిన విద్య

పరీక్షా తవ్వకం గొప్పతనం ఇక్కడనే ఉన్నది. అది ఆగుతుంది. అగడ్త ఉన్నదా, ఏ కాలపుది, లోపలి నేల చెక్కుచెదరక ఉన్నదా, ఇల్లు ఉండిన గుర్తులు ఉన్నవా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరకగానే తాపీ క్రింద పెట్టవలె. ఒక మూలనుండి పొయ్యి రాళ్ళు తొంగిచూచినా, వాటిని ఫొటో తీసి, కొలిచి, పటంలో గుర్తించి, కదపకుండా వదలవలె. ఉత్సాహవంతుడైన యువ శాస్త్రజ్ఞునికి ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు.

ఆ వలయం విలువ తెలిసిన తరువాత నిర్ణయం జరుగుతుంది. 1992లో మాల్టా దేశపు వలెట్టా నగరంలో ఐరోపా దేశాలు సంతకం చేసిన ఒప్పందాన్ని ఐర్లండు 1997లో ధ్రువపరచింది. పురాతన అవశేషాలను సాధ్యమైనంతవరకు ఉన్నచోటనే కాపాడవలెనని ఆ ఒప్పందం ఆశయం. రోడ్డునో ఇంటినో కొంత పక్కకు జరపగలిగితే వలయం మిగులుతుంది. జరపలేకపోతే సంపూర్ణంగా తవ్వి, వివరాలు భద్రం చేసి, స్థలాన్ని వదులుకుంటారు. పరీక్ష చేయకపోయినట్లయితే, ఏమి పోయిందో కూడ ఎవరికీ తెలియకుండా పోయేది.

పాత రైతు వలయాన్ని ముట్టలేదు, దేవతలకు భయపడినాడు. నేటి శాస్త్రజ్ఞుడు వలయాన్ని కొంచెమే ముట్టి, చాలించుకుంటాడు. రాబోయేవారి ప్రశ్నలకు భయపడుతున్నాడు. 1940లో తవ్వినవానికి రేడియోకార్బన్ తెలియదు. బొగ్గు ముక్కను పారవేసి ఉండవచ్చు. నేడు తవ్వేవాడు ఏమి పారవేస్తున్నాడో ఇంకొక 80 ఏళ్ళకుగాని తెలియదు. తెలియనిదానిపట్ల మర్యాద ఇద్దరిలోనూ ఉన్నది. ఒకనికి దానిని కథ నేర్పింది, మరొకనికి శాస్త్రం నేర్పింది.

పని ముగిసిన నాడు కందకంలో పలుచని గుడ్డ పరచి, తీసిన మన్నును తిరిగి నింపుతారు. మరొకనాడు తవ్వబోయేవారికి, ఇంతవరకు చూడబడినది అని ఆ గుడ్డ చెబుతుంది. మీద గడ్డిపెళ్ళలు పేరుస్తారు. మరుసటి వసంతానికి పచ్చిక కలిసిపోతుంది. ఆవులు వచ్చి మేస్తాయి. వాటి కాళ్ళక్రింద, 20 ఆవుల కాపు ఒకనాడు వెలిగించిన పొయ్యి రాళ్ళు ఉన్నచోటనే ఉంటాయి. ఆ పొలం పక్క బడిలో 1938లో ఒక పిల్లవాడు తాతను అడిగి వ్రాసిన నోటుపుస్తకం ఉంటే, ఆ పరీక్షా నివేదిక దాని పక్కన చేరుతుంది.